తాడు పట్టిన చెయ్యి వదిలేస్తే?

ఎక్కడం కష్టం, దిగడం తేలిక అనుకుంటాం. తాడు మీద దిగేవాడి విషయంలో ఇది తలకిందులు. ఎక్కేటప్పుడు అలసిపోతే ఆగుతాం, ఆగితే ఉన్నచోటే ఉంటాం. దిగేటప్పుడు ఒంటి బరువంతా ఒక తాడు మీద ఉంటుంది, ఆ తాడు జారే వేగమంతా ఒక్క పిడికిలి మీద ఉంటుంది. ఆ పిడికిలి విడిపోతే మనిషికీ నేలకీ మధ్య ఆపేది ఇంకేమన్నా ఉందా? 10 మీటర్ల ఎత్తు, అంటే సుమారు మూడంతస్తులు. అక్కడి నుంచి పడితే నేలను తాకడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. తాకేటప్పటి వేగం గంటకు 50 కిలోమీటర్లు. అంతలో తాడు మళ్లీ పట్టుకుంటాడులే అనుకోవడం వట్టి ఆశ. ఆపేదేదైనా ముందే అమర్చి ఉండాలి, మనిషి ప్రయత్నం లేకుండా తనంతట తానే పనిచెయ్యాలి.

అమెరికాలో జింకల వేటకు వెళ్లే కొందరు ఇప్పుడు మంచె కట్టుకోవడం మానేశారు. నడుముకీ తొడలకీ పట్టే పట్టీల జీను (హార్నెస్) ఒకటి తొడుక్కుని, దాన్ని మానుకు తాడుతో తగిలించి, ఆ జీనులోనే కూర్చుంటారు. పని అయ్యాక తాడు మీద జారుతూ దిగుతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత వేట మాట మరిచిపోవాల్సిందే, మరిచిపోవడమే మంచిది. కానీ ఆ జీనూ, ఆ తాడూ, ఆ దిగడమూ మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపెట్టిన తరవాత, విరిగి వేలాడుతున్న కొమ్మల్ని కొయ్యడానికి తాళ్లేసుకుని చెట్లెక్కినవాళ్లను ఈ ఊరు చూసింది. తుపాను కాలం వస్తోందంటే ఇప్పటికీ ఇళ్లమీదికి వాలిన కొమ్మల కోసం మనిషిని వెతుక్కుంటాం. అపార్ట్‌మెంటు గోడలకు రంగులేసేవాళ్లు, అద్దాల భవనాలు తుడిచేవాళ్లు, ఓడరేవులో క్రేన్ల మీద, ఉక్కు కర్మాగారంలో ఎత్తయిన కట్టడాల మీద మరమ్మతులు చేసేవాళ్లు అందరూ ఏదో ఒక తీరున తాడు మీదే దిగుతారు. కాబట్టి ఈ ప్రశ్న వేటగాడిది కాదు, మన ఊరి పనివాడిది.

ఒక్క చెయ్యి మనిషి బరువును ఎలా ఆపుతోంది?

ఓడరేవులో బెర్తు అంచున ఇనుప బొల్లార్డులు ఉంటాయి. ఓడ లాగుతున్న లావుపాటి తాడును వాటికి రెండు మూడు చుట్లు తిప్పితే అవతలి కొసను ఒక్క మనిషి పట్టుకుని నిలపగలడు. బలం మనిషిది కాదు, చుట్టుది. చుట్టు పెరిగేకొద్దీ రాపిడి కూడుకుంటూ పోదు, హెచ్చవేసుకుంటూ పోతుంది. దీనికి లెక్క కట్టినవాడు 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్. తాడుకూ లోహానికీ మధ్య రాపిడి గుణకం 0.2 అనుకుంటే ఒక చుట్టుకు పట్టు సుమారు మూడున్నర రెట్లవుతుంది, రెండు చుట్లకు పన్నెండు రెట్లు, మూడు చుట్లకు నలభై రెట్లు దాటుతుంది.

తాడు మీద దిగే సాధనాల్లోనూ ఇదే సూత్రం. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఫిగర్ ఎయిట్ గానీ, ఇంకో రకం డిసెండర్ గానీ తాడును మెలికలు తిప్పి రాపిడి పుట్టిస్తుంది. ఆ రాపిడి రెండు చుట్లంత ఉంటే 70 కిలోల మనిషిని ఆపడానికి చేతిలో ఆరు కిలోల పట్టు చాలు. అందుకే మొదటిసారి దిగినవాళ్లు 'ఇంతేనా!' అంటారు. మోసం ఇక్కడే ఉంది. ఆ గుణకం స్థిరం కాదు. తాడు కొత్తదైతే, సన్ననిదైతే, దాని మీద నూనో బురదో ఉంటే పట్టు తగ్గుతుంది. 0.2 కాస్తా 0.1 అయిందనుకోండి, పన్నెండు రెట్లు మూడున్నరకు పడిపోతుంది. నిన్న ఆరు కిలోలు పట్టిన చెయ్యి ఇవాళ ఇరవై కిలోలు పట్టాలి. ఆ సంగతి కాలు గాల్లోకి పెట్టాక గానీ తెలియదు.

సరే, చెయ్యి ఎందుకు వదిలేస్తుంది?

చెట్టు మీద కారణాలకు కొదవ లేదు. మామిడి చెట్టయితే ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలు ఉంటాయి. పెద్ద మానయితే తేనెపట్టు ఉంటుంది. కందిరీగ మెడ మీద కుడితే చెయ్యి మన అనుమతి అడగదు, దానంతట అదే అక్కడికి పోతుంది. కోసిన కొమ్మ ఊగివచ్చి తలకు తగలొచ్చు. మే నెల ఉక్కలో చెమటకు చేతులు జారతాయి, నీళ్లు తాగకుండా పని చేసినవాడికి కళ్లు తిరుగుతాయి. చొక్కా అంచో, జుట్టో డిసెండర్‌లో ఇరుక్కుంటే దాన్ని విడిపించడానికి రెండు చేతులూ కావాలనిపిస్తుంది. పక్కనే కరెంటు తీగ ఉంటే చెప్పక్కర్లేదు. ముందు సరఫరా ఆపించాలి, తరవాతే చెట్టు. వీటిలో ఏ ఒక్కటీ మనిషి నైపుణ్యంతో పోయేది కాదు. అనుభవం ఉన్న చెయ్యి కూడా కందిరీగ కుడితే లేస్తుంది.

మూడో చెయ్యి ఎలా కట్టాలి?

చెయ్యి వదిలినా తాడును పట్టి ఉంచే ముడినే ఇక్కడ మూడో చెయ్యి అంటున్నాను. ఇలాంటి ముళ్లలో పేరుమోసింది ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రుసిక్ 1931లో చెప్పిన ప్రుసిక్ ముడి. బరువు లేనప్పుడు తాడు మీద జరుగుతుంది, బరువు పడగానే బిగుసుకుంటుంది. దిగడానికి దాని చుట్టమే అయిన ఆటోబ్లాక్ ఇంకా అనువైనది.

కట్టే తీరు ఇది. 11 మిల్లీమీటర్ల తాడు అయితే 6 మిల్లీమీటర్ల సన్న తాడును వలయంగా ముడేసి ఉంచుకోవాలి. డిసెండర్ కింద, చెయ్యి పట్టుకునే వైపు తాడుకు ఆ వలయాన్ని మూడు నాలుగు చుట్లు చుట్టి, రెండు కొసల్నీ ఒకే లోహపు కొక్కెంలో, అంటే కారాబినర్‌లో వేసి హార్నెస్‌కు తగిలించాలి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే వరసగా పడుకోవాలి. ఒక్క చుట్టు అడ్డం తిరిగినా పట్టు సరిగ్గా రాదు. దిగేటప్పుడు చెయ్యి ఆ చుట్ల మీద వదులుగా ఉండి వాటిని తనతో పాటు కిందికి తెస్తుంది. చెయ్యి తీసేస్తే చుట్లు తాడును కరిచి పట్టుకుంటాయి, మనిషి ఆగిపోతాడు.

ముడి డిసెండర్ కిందే ఎందుకు, పైన ఎందుకు కాదు? పైన కడితే మనిషి బరువంతా ముడి మీదే పడుతుంది, బిగిస్తే మళ్లీ వదులు చెయ్యడానికి గాల్లో అవస్థ. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. జారుతున్న మనిషి భయంతో కనిపించినదాన్ని పట్టుకుంటాడు. పైనున్న ముడినే పిడికిట పట్టుకుంటే అది బిగుసుకోదు, మనిషితో పాటే జారుతుంది. కింద ఉన్న ముడి మీద పడేది చెయ్యి మోసే భాగమే, మిగతా బరువు డిసెండర్ మోస్తుంది. అందుకే సన్న తాడు చాలు, వదులు చెయ్యడమూ సులువు.

దీనికి ఒక్క షరతు ఉంది. ముడి పైకి పోయి డిసెండర్‌ను తాకకూడదు. తాకితే డిసెండర్ ఆ చుట్లను నెట్టేసి విప్పదీస్తుంది, పట్టు పోతుంది. డిసెండర్‌ను ఒక పొట్టి స్లింగ్‌తో హార్నెస్ నుంచి కొంచెం పైకి జరిపితే ఈ బెడద తీరుతుంది. ఇంకో సంగతి, ముడికి వాడే తాడు ఏ పదార్థమో చూసుకోవాలి. నైలాన్ 220 డిగ్రీలు దాటితే గానీ కరగదు. డైనీమా లాంటి పాలిథిలీన్ పోగు 145 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, పైగా నున్నగా జారుతుంది. అది ఎంత బలమైనదైనా ఈ పనికి పనికిరాదు.

ముడి పట్టిందో లేదో దిగడం మొదలుపెట్టక ముందే తేలాలి. మానుకు తగిలించిన మొదటి తాడు విప్పకుండానే ఒంటి బరువును దిగే తాడు మీదికి మార్చి, రెండు చేతులూ పైకెత్తి చూడాలి. ఆగితేనే మొదటి తాడు విప్పాలి. చెట్టు మీద అతి ప్రమాదకరమైన ఘడియ ఇదే. కూర్చున్న తాడు విప్పేసి, దిగే తాడు ఇంకా సరిచూసుకోకుండా ఉన్న ఆ కాసేపు మనిషి దేనికీ కట్టి లేడు. రెండోది బరువు మోసి చూపించనిదే మొదటిది విప్పకూడదు.

తాడు నేల దాకా అందకపోతే?

ఇది వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది గానీ ప్రపంచంలో ఆరితేరిన పర్వతారోహకులు కూడా ఇలా పడిపోయి చనిపోయారు. కొమ్మ మీదుగా తాడును జోడుగా వేసినప్పుడు ఒక కొస పొట్టిగా ఉండిపోతుంది. మనిషి చూసుకోడు, పొట్టి కొస డిసెండర్‌లోంచి జారిపోతుంది, ఆ వెనకే తాడంతా కొమ్మ మీది నుంచి ఊడివస్తుంది. మందు ఏమిటంటే ప్రతి కొసకూ లావుపాటి ముడి. పైసా ఖర్చు లేదు. ఇంత చవకైన రక్షణ ఇంకొకటి లేదు, ఇంతగా ఎగ్గొట్టేదీ ఇంకొకటి లేదు.

బెల్ట్ ఉంది కదా, రెండో తాడు ఎందుకు?

మన ఊళ్లో ఏ అపార్ట్‌మెంటు కిందన్నా నిలబడి రంగులేసే మనిషిని చూడండి. చెక్క పీట మీద కూర్చుంటాడు, పీట తాడుకు వేలాడుతుంది, నడుముకు బెల్ట్ ఉంటుంది. ఆ బెల్ట్ హుక్ ఎక్కడుందో కళ్లతో వెతకండి. చాలాసార్లు అది పీటను మోస్తున్న తాడుకే తగిలించి ఉంటుంది. అడిగితే 'ఏం కాదు బాబూ, అలవాటైపోనాది' అంటాడు. అతన్ని తప్పుపట్టలేం. రెండో తాడు ఇచ్చినవాడు ఎవడూ లేడు. కానీ నిజం ఇది: ఆ తాడు తెగితే పీటా పోతుంది, హుక్కూ పోతుంది. హుక్కులు రెండైనా ఆధారం ఒకటే.

రక్షణ ఎన్ని వస్తువులున్నాయన్న దాన్ని బట్టి లెక్కకు రాదు. ఏది పోతే ఏది మిగులుతుందన్న దాన్ని బట్టి వస్తుంది. మూడో చెయ్యి ముడి, చెయ్యి వదిలినప్పుడే పనికొస్తుంది. కొస ముడి తాడు పొట్టిదైనప్పుడే పనికొస్తుంది. తాడే పిట్టగోడ అంచుకు కోసుకుపోతే, రంపం తగిలి తెగితే, కట్టిన కొమ్మ విరిగితే ఆ రెండూ ఏమీ చెయ్యలేవు. దానికి ఒక్కటే జవాబు: వేరే ఆధారానికి కట్టిన వేరే తాడు, దాని మీద తనంతట తానే బిగిసే రోప్ గ్రాబ్. ఆ రోప్ గ్రాబ్ తగిలించాల్సింది మనిషి ఒంటిమీది హార్నెస్‌కు, పీటకు కాదు. పరిశ్రమల్లో తాడు మీద పనిచేసేవాళ్ల కోసం బ్రిటన్‌లో పుట్టిన ఇరాటా సంస్థ మొదటి నుంచీ పట్టుబట్టింది ఈ రెండు తాళ్ల పద్ధతినే. ఆ దేశపు 2005 నాటి ఎత్తుపనుల నిబంధనలూ అదే అడుగుతాయి. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ పడిపోయే అవకాశమున్న ఎత్తులో పనిచేసేవాడికి రక్షణ కల్పించాలని చెప్పింది. పెద్ద కర్మాగారాల్లో పర్మిట్లూ తనిఖీలూ కొంతవరకు ఉన్నాయి. మన ఇళ్ల దగ్గర కొమ్మ కొట్టడానికి వచ్చే మనిషికి అవేవీ లేవు. అతని రెండో తాడు గురించి అడగాల్సింది అతన్ని పిలిచిన మనమే. బేరమాడేటప్పుడు ఆ తాడు ఖర్చు కూడా కూలిలో కలిపే మాట్లాడాలి.

రెండో తాడు ఉంటే సరిపోదు, అది వదులుగా వేలాడకూడదు కూడా. 80 కిలోల మనిషి 2 మీటర్లు ఊరికే పడి, ఆ తరవాత 20 సెంటీమీటర్లలో ఆగాడనుకుందాం. ఆ ఆగడంలో అతని ఒంటి మీద సగటున 880 కిలోల బరువంత బలం పడుతుంది. యూరప్ ప్రమాణాలు మనిషి మీద పడనిచ్చే హద్దు 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 610 కిలోల బరువు. పైగా నడుం బెల్ట్ ఒక్కటే ఉంటే ఆ బలమంతా కడుపు మీదా వెన్ను మీదా పడుతుంది. అందుకే భుజాలకూ తొడలకూ పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి, రోప్ గ్రాబ్ ఎప్పుడూ భుజాల కంటే కిందికి జారకుండా చూసుకోవాలి. కొనేటప్పుడు ఐఎస్ 3521 ముద్ర ఉందా అని చూడాలి. హార్నెస్‌లకు మన దేశపు ప్రమాణం అదే.

కట్టేది ఏ కొమ్మకు?

మునగ కొమ్మ పెళుసని తెలుగువాళ్లందరికీ తెలుసు. రోడ్ల పక్కన ఎర్రగా పూసే తురాయి కూడా దాదాపు అలాంటిదే, కాస్త గాలికే విరుగుతుంది. ఏ చెట్టయినా తాడును కొమ్మ మధ్యలో కాక కొమ్మ మానులోంచి చీలే చోట, వీలైతే మానుకే వెయ్యాలి. ఎండు కొమ్మ, బెరడు ఊడిన చోటు, పుట్టగొడుగులు మొలిచిన చోటు, ఎప్పుడో తుపానుకు చీలి మళ్లీ అతుక్కున్నట్టు కనిపించే చోటు, ఇవన్నీ వదిలెయ్యాలి. కొబ్బరి చెట్టయితే మట్టలకు తాడు వెయ్యడం ప్రాణంతో చెలగాటం, మొవ్వ కింద మాను చుట్టూ వెయ్యాలి. అదీ మాను గట్టిదైతేనే. ఎర్రముక్కు పురుగు లోపలంతా తొలిచేసినా పైకి చెట్టు నిలబడే కనిపిస్తుంది. మాను మీద రంధ్రాలు, వాటిలోంచి కారే గోధుమరంగు జిగురు, నమిలి ఉమ్మినట్టుండే పీచు కనిపిస్తే ఆ చెట్టు ఎక్కకూడదు. రెండు తాళ్లు వేస్తే రెండిటినీ ఒకే పంగకు వెయ్యకూడదు. పంగ చీలితే రెండూ కలిసే వస్తాయి.

చెట్టుతో బతికే గీత కార్మికులకు ఇదంతా కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మోకు మానును చుట్టి నడుమును పట్టి ఉంచుతుంది, కాళ్లకు వేసుకునే చిన్న తాడు అడుగు నిలుపుతుంది. తరాలుగా తీర్చిదిద్దుకున్న పనిముట్లు అవి. కానీ వాటిలో రెండో ఆధారం లేదు. మోకు తెగినా, కాలు జారినా పట్టుకునేది ఉండదు. 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ లోటు కోసమే. పాత నేర్పును పక్కన పెట్టకుండా దానికి ఒక తాడూ ఒక బెల్టూ జోడించడం సరైన దారని నా నమ్మకం. ఉత్తరాంధ్రలో తాటి చెట్టెక్కేవాళ్లకూ, మన్యంలో జీలుగు చెట్టెక్కేవాళ్లకూ అలాంటివి అందాలి.

విశాఖ గాలి తాడును ఏం చేస్తుంది?

తాళ్లు అన్నిచోట్లా ఒకలా ముసలివి కావు. ఇక్కడ గాలిలో ఉప్పు ఉంది, పాతబస్తీ వైపు బొగ్గు ధూళీ ఇనుప ఖనిజం ధూళీ ఉన్నాయి. ఉప్పు కారాబినర్ గేటు స్ప్రింగును పట్టేస్తుంది. గేటు తనంతట తాను టక్కున మూసుకోకుండా సగంలో ఆగితే ఆ కారాబినర్ మూతపడినట్టు కాదు, దాన్ని పక్కన పారెయ్యాలి. ధూళి తాడు తొడుగు సందుల్లోంచి లోపలికి దూరి, తాడు వంగినప్పుడల్లా పోగుల్ని గీరుతుంది. పైకి కొత్తగా కనిపించే తాడు లోపల అరిగిపోయి ఉంటుంది. అందుకే వాడిన తాడును మంచినీళ్లలో ఉతికి, నీడన ఆరేసి, మొదటి నుంచి చివర దాకా వేళ్ల మధ్య నుంచి మెల్లగా లాగి చూడాలి. ఎక్కడన్నా మెత్తబడినా, ఉబ్బినా, సన్నబడినా, బిరుసెక్కినా తాడు పని అయిపోయినట్టే. నైలాన్‌కు ఆమ్లం విషం. తాడును బ్యాటరీ పక్కన పెట్టి ఆటోలో తీసుకెళ్లినా చాలు, కంటికి కనిపించకుండా పాడవుతుంది.

బజారులో దొరికే నీలం, పచ్చ రంగుల ప్లాస్టిక్ తాళ్ల గురించి ఒక్క మాట. వలలకూ సామాన్లు కట్టడానికీ అవి బాగానే ఉంటాయి. అవి ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. ఎండకు పొడిపొడిగా రాలతాయి, 165 డిగ్రీల దగ్గర కరుగుతాయి, పేనిన తాడు కాబట్టి మనిషిని గాల్లో గిరగిరా తిప్పుతాయి. మనిషి ప్రాణం వేలాడదియ్యడానికి లోపల పోగుల కట్ట, బయట తొడుగు ఉన్న కెర్న్‌మాంటిల్ తాడే వాడాలి. ఇలాంటి పనుల కోసం చేసే అంతగా సాగని రకం 11 మిల్లీమీటర్ల తాడు కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నులకు పైగా మోసి చూపాలని యూరప్ ప్రమాణం అడుగుతుంది. ముడేస్తే ఆ బలం తగ్గుతుంది, అంచు మీద రాసుకుంటే ఇంకా తగ్గుతుంది. పిట్టగోడ అంచున గోనెసంచో, పాత కాన్వాసో మడిచి వెయ్యడం మరిచిపోకూడదు.

అన్నీ పనిచేసి మనిషి గాల్లో ఆగిపోతే?

ఆగాడు కదా అని ఊరుకుంటే ప్రాణం దక్కినట్టు కాదు. హార్నెస్‌లో కదలకుండా వేలాడుతుంటే నెత్తురు కాళ్లలోకి దిగి నిలిచిపోతుంది, నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. స్పృహలో ఉంటే కాళ్లు ఆడిస్తూ, మానునో గోడనో తన్నుతూ ఉండమని కింది నుంచి అరిచి చెప్పాలి. ఒక తాడు ముక్కను పాదాల కింద వలయంగా వేసుకుని అందులో నిలబడగలిగితే ఇంకా మంచిది. అందుకని చెట్టెక్కే ప్రతివాడి జేబులోనూ ఆ ముక్క ఉండాలి. కింద ఒక మనిషి తప్పనిసరి. అతనికి నిచ్చెన ఎక్కడుందో, మనిషిని దింపే తాడు ఏదో పని మొదలవక ముందే తెలియాలి, 108కి ఫోన్ చేసి చిరునామా సరిగ్గా చెప్పగలగాలి. దింపాక ఊపిరి ఆడుతోందా అని మొదట చూడాలి, పట్టీలు వదులు చెయ్యాలి. అతను మామూలుగా మాట్లాడుతున్నా, ఏం కాలేదని నవ్వుతున్నా, ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్లాల్సిందే. అతన్ని ఆపిన తాడును, హార్నెస్‌ను మళ్లీ ఎవరూ వాడకుండా ఆ రోజే కోసి పారెయ్యాలి.